పంతొమ్మిదో బిళ్ళ

ఐదు గంటల సైరన్ ఆగేసరికి ఆగయ్య బోర్డు తుడవడం సగమైంది. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో ఒక్కో మేకునూ తుప్పన్నది లేకుండా రుద్దుతున్నాడు. ముప్పై మేకులు, వరసకు పది చొప్పున మూడు వరసలు. తుడవకపోతే కొంపలేమీ మునగవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయి ల్యాంపు రూంలో పనిచేసిన మనిషికి పొద్దున లేచి మేకులు తుడవందే టీ గొంతు దిగదు.

బోర్డు వెనక కాలనీ ఆటస్థలం. అందులో ఆరు టార్పాలిన్ డేరాలు, డేరాకు ఐదు పడకలు. చివర రెండు నల్లాలు, రెండు మరుగుదొడ్లు. గేటు పక్కన ఆగయ్యకు రేకుల గది. చలికాలంలో ఎవరూ రోడ్ల మీద పడుకోగూడదని పైనుంచి ఉత్తర్వు వస్తే, మునిసిపాలిటీవాళ్లు గోదావరిఖనిలో ఇల్లు లేనివాళ్లను ఏరి ఇక్కడ చేర్చారు. బస్టాండు మెట్ల మీద పడుకునేవాళ్లు, రోడ్డు వెడల్పులో గుడిసె పోయినవాళ్లు, కొడుకులు వెళ్లగొట్టినవాళ్లు, ఎవరు వెళ్లగొట్టారో చెప్పనివాళ్లు. చుట్టూ నాలుగు వైపులా కంపెనీ క్వార్టర్లు. పోయినేడు సకల జనుల సమ్మెలో దీక్షా శిబిరం వేసింది కూడా ఈ స్థలంలోనే. నలభై రెండు రోజులు కాలనీ కాలనీ అంతా ఈ నేల మీదే కూర్చుంది, వండుకుంది, పడుకుంది. ఇప్పుడు అదే నేల మీద వేరేవాళ్లు పడుకుంటే మాత్రం కాలనీకి నిద్ర పట్టడం లేదు.

ఆ నిద్ర సంగతి ఇవాళ తేలిపోతుంది. సాయంత్రం ఆరున్నరకు మునిసిపాలిటీ నుంచి సంధ్యారాణి మేడం వస్తుంది. కాలనీ కమిటీ తరఫున జగదీశ్వర్ వస్తాడు. ఈ ముప్పై మందిలో సగం మందికి ఎక్కడో ఇళ్లున్నాయనీ, పేరుకు పడక రాయించుకుని తిరుగుతున్నారనీ కమిటీ ఫిర్యాదు. అందుకని ఇద్దరూ నిలబడి లెక్క చూస్తారు. ముప్పై మందీ ఉంటే శిబిరం శివరాత్రి దాకా ఉంటుంది. చెప్పకుండా ఒక్కరు తక్కువైనా రేపు పొద్దున డేరాలు పీకుతారు. కాగితం మీద ఇరుపక్షాలూ ఒప్పుకున్న మాట అది.

ఆగయ్య పొట్టి మనిషి. ల్యాంపు రూం కిటికీ మీద ఒరిగి ఒరిగి ఎడమ భుజం కిందికి జారింది. బ్యాటరీల యాసిడ్ చిమ్మిన చేతుల మీద బియ్యపు గింజలంత తెల్ల మచ్చలు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన బాయిలోకి దిగింది రెండే సార్లు, అదీ ఎవరో పెద్దాఫీసరు వెంట. దిగేవాళ్లకు దీపం ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర దీపం తీసుకోవడం, ఇదే ఉద్యోగం. రిటైరైనప్పుడు శాలువా కప్పినవాళ్లకు ఆయన గురించి ఏం మాట్లాడాలో తోచక, చాలా మంచివాడు అని మూడు సార్లు చెప్పి కూర్చున్నారు. రెండేళ్లు ఇంట్లో కూర్చుని గోడ గడియారంతో సహా అన్నీ బాగుచేసి పాడుచేశాక, శిబిరం చూసుకునే మనిషి కావాలని తెలిసి తనంత తనే వెళ్లి అడిగాడు.

వచ్చీ రాగానే ల్యాంపు రూం పద్ధతి పెట్టాడు. రంగు డబ్బాల మూతలు గుండ్రంగా కత్తిరించి ముప్పై బిళ్ళలు చేసి, అంకెలు కొట్టి, పడకకు ఒకటి చొప్పున ఇచ్చాడు. బయటికి పోయేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్లు మేకుకు తగిలించిపోవాలి. తిరిగొచ్చాక తీసుకోవాలి. మేకు మీద బిళ్ళ ఉంటే మనిషి బయట ఉన్నట్టు, మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. ఒక్కటే నియమం. ఎవరి బిళ్ళ వాళ్ల చేత్తోనే తీయాలి. అన్నదమ్ములైనా, ఆలుమగలైనా ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టగూడదు. ఈ నియమం మీద ఆయన ఎంత గట్టిగా ఉంటాడంటే, జ్వరంతో నడవలేని పోశవ్వను ఇద్దరు చేతుల మీద ఎత్తుకొచ్చినప్పుడు కూడా ముందు ఆమె చెయ్యి మేకు దాకా పట్టుకెళ్లి బిళ్ళ తీయించాకే పడక మీద పడుకోబెట్టనిచ్చాడు. ముసలాయనకు పిచ్చి అని అందరూ అనుకుని అలవాటు పడిపోయారు.

ఆరు దాటాక ఒక్కొక్కరే కదిలారు. ముందు పోశవ్వ, వేపపుల్లల కట్ట నెత్తిన పెట్టుకుని. తర్వాత సంపత్, కూరగాయల మార్కెట్లో హమాలీ, ముప్పై ఏళ్లవాడు, నాలుగో డేరా. ఆగయ్యకు వీళ్లందరి సంగతీ తెలుసు. ఎవరికి ఏ జబ్బు, ఎవరి మీద ఎవరికి కోపం, ఎవరు అన్నంలో మొదట ఏం కలుపుకుంటారు, అంతా తెలుసు. ఎవరినీ గుచ్చి గుచ్చి అడగడు. చెప్పేదాకా ఎదురుగా కూర్చుంటాడు, అంతే. మనుషుల సంగతి తెలుసుకోవడం ఆయనకు చుట్ట కాల్చడం వంటిది. వేరే వ్యసనం లేదు.

ఒక్క పంతొమ్మిది సంగతే తెలియదు.

పంతొమ్మిదో పడక బుచ్చన్నది. డెబ్బై ఏళ్లు ఉంటాయి. సన్నగా, వెదురు గడలా ఉంటాడు, నడుము దగ్గర కొంచెం వంగాడు. చేతివేళ్ల కొసలు మాత్రం లావుగా, పగుళ్లు పగుళ్లుగా, ఎవరో వేరే మనిషివి తెచ్చి అతికించినట్టుంటాయి. చేరిన రోజున ఫారం నింపుతూ ఆగయ్య ఏ ఊరు కాకా అని అడిగితే, లేదు అన్నాడు. ఊరు లేకుండా మనిషి ఎట్లా ఉంటాడని అడిగితే, నాకొక్కనికే కాదు, ఎవలకూ లేదు అని నోరు మూసుకున్నాడు. పని ఏమిటంటే, పోయింది అన్నాడు. రోజూ తొమ్మిదిన్నరకు ఉత్త చేతులతో బయటికి పోతాడు. ఐదింటికల్లా ఉత్త చేతులతో వస్తాడు. తాగి రాడు, అడుక్కుని రాడు. వచ్చేటప్పుడు కాళ్లు చీలమండల దాకా కడిగి తడిగా ఉంటాయి. పైగా ఆయన దుప్పటి మడత. శిబిరంలో అందరూ దుప్పటి చుట్టి మూలకు విసిరేస్తారు. బుచ్చన్న దుప్పటి అంచుకు అంచు, మూలకు మూల కలిపి, అరచేత్తో నొక్కి, ఇప్పుడే దుకాణం నుంచి తెచ్చినట్టు మడతపెట్టి పోతాడు. మిలిటరీలో చేశాడేమోనని ఆగయ్య కొన్నాళ్లు అనుకున్నాడు. దవాఖానలో వార్డుబాయేమోనని ఇంకొన్నాళ్లు అనుకున్నాడు.

తొమ్మిదింటికి అనసూర్య టిఫిన్ డబ్బాతో వచ్చింది. క్వార్టరు ఖాళీ చేశాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు అక్కడికి మైలు దూరం. రోజూ నడిచే వస్తుంది. ఆమె ముందు కూడా ఆగయ్య పంతొమ్మిది గొడవే ఎత్తాడు. సాయంత్రం లెక్క ఉందని ముప్పై మందికీ రెండేసి సార్లు చెప్పాననీ, బుచ్చన్న మాత్రం తల ఊపాడే గాని వస్తానని నోటితో అనలేదనీ చెప్పాడు.

ఆమె డబ్బా మూత తీస్తూ, "ఊరోళ్ల సంగతులన్ని తవ్వుతవు. నలభై ఏండ్లయింది నన్ను చేసుకొని, నాకే కూర ఇష్టమో ఎన్నడన్న అడిగినవా?" అంది.

కోపంగా అనలేదు. రోజూ అనే మాటల్లో ఒకటిలాగా అంది. ఆగయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. నిజంగానే ఆయనకు తెలియదు. ఆమె వండేవన్నీ తనకు ఇష్టమైనవే. ఆ సంగతి ఇంతవరకు తట్టనందుకు సిగ్గేసింది. కానీ అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడడిగితే నవ్వుతుంది.

అంతలోనే బుచ్చన్న వచ్చి పంతొమ్మిదో మేకుకు బిళ్ళ తగిలించాడు. ఆగయ్య గడియారం చూశాడు. తొమ్మిదిన్నర.

పదింటికి మూడో డేరా బల్బు మాడిపోయిందని తెలిసి ఆగయ్య దుకాణానికి బయల్దేరాడు. బల్బు కొనుక్కుని వస్తుండగా క్వార్టర్ల రెండు వరసల మధ్య, వెనక సందు మొదట్లో, బుచ్చన్న వీపు కనిపించింది. ముసలాయన నెమ్మదిగా నడుస్తూ దండేల మీద ఆరవేసిన బట్టల్ని చూస్తున్నాడు. చూడడమే కాదు, ఒక చీర కొంగు రెండు వేళ్లతో పట్టుకుని, వదిలి, ముందుకు పోయాడు.  శిబిరం మనుషులు కాలనీ సందుల్లోకి అడుగు పెట్టగూడదని గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కమిటీ పెట్టిన మొదటి షరతే అది. ఆగయ్య సందు మొదట్లో నిలబడి మెడ చాచాడు. అన్ని ఇళ్లూ ఒకే తీరు, ఒకే పచ్చ తలుపు, ఒకే నీళ్ల తొట్టి. బుచ్చన్న ఒక తొట్టి దగ్గర వంగి కాళ్లు కడుక్కుని ఏదో తలుపు వైపు తిరిగి మాయమయ్యాడు. ఏ ఇల్లో తెలియలేదు.

వెనకాలే వెళ్లి చూడాలని ఆగయ్య ప్రాణం కొట్టుకుంది. ఒక్క ముప్పై అడుగులు. కానీ షరతు తనకూ వర్తిస్తుంది. తాను వెళ్లి చూస్తే, చూసింది చెప్పాలి. చెబితే ముసలాయన పడక పోతుంది. చూడనట్టే వెనక్కి తిరిగాడు. బల్బు బిగించేటప్పుడు స్టూలు మీద నిలబడి కూడా సందువైపే చూశాడు.

మధ్యాహ్నం శిబిరం ఖాళీగా ఉంటుంది. ఇరవై ఆరు బిళ్ళలు మేకుల మీద ఎండకు మెరుస్తూ ఉంటాయి. ఆ వేళ ఆగయ్య వాటికి ఎదురుగా కూర్చుంటే, అడగకుండానే ఎనభై ఆరో సంవత్సరం వానాకాలం గుర్తొస్తుంది.

ఆ రోజు మొదటి షిఫ్టు ఎక్కుతోంది. కిటికీ ముందు గుంపు. ఒకడు రెండు దీపాలు తెచ్చి, ఒకటి తనది, ఇంకోటి సదయ్యది అన్నాడు. లోపలే సదయ్య దీపం ఆరిపోయిందట. బరువెందుకని సోపతిగాడి చేతికిచ్చి, వాడి వెలుగులో వెనకే నడిచి వచ్చాడట. ఇప్పుడు క్యాంటీన్ దగ్గర ఉన్నాడట. బస్సు దొరకాలని అందరూ ఒకరికొకరు ఇట్లా చేసుకునేవాళ్లే. ఆగయ్య రెండు బిళ్ళలూ ఇచ్చేశాడు. మేకు ఖాళీ అయింది, అంటే మనిషి బాయి ఎక్కి వచ్చినట్టే. ఖాళీ మేకు చూసి ఎవరూ వెతకలేదు. సదయ్య క్యాంటీన్ దగ్గర లేడు. దీపం లేక గుంపులో వెనకబడి, చీకట్లో పాత గ్యాలరీలోకి, తవ్వి వదిలేసిన సొరంగంలోకి, దారి తప్పి, గుంతలో పడి ఉన్నాడు. మరునాడు మొదటి షిఫ్టువాళ్లకు మూలుగు వినిపించింది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. విచారణలో ఆగయ్య పేరు కూడా రాలేదు, ఎందుకంటే మేకు లెక్క సరిగానే ఉంది. సదయ్య ఆ తర్వాత బజార్లో కనబడినప్పుడల్లా నమస్తే ఆగన్నా అని నవ్వుతూ పలకరించేవాడు. ఆ నవ్వు ఆగయ్యకు తిట్టుకన్నా ఎక్కువ తగిలేది.

మూడున్నరకు జగదీశ్వర్ మొదటి షిఫ్టు ముగించుకుని, బాయి దగ్గరే స్నానం చేసి, తల దువ్వుకుని నేరుగా వచ్చాడు. నలభై ఏళ్లవాడు. చెడ్డవాడు కాడు. చలి మొదలైన వారంలో ఇంట్లోంచి రెండు దుప్పట్లు తెచ్చి ఇచ్చినవాడే. కానీ వాలీబాల్ కోర్టు పోయింది, పిల్లలు రోడ్డు మీద ఆడుతున్నారు, రాత్రంతా దగ్గులు. వాళ్లమ్మ సారవ్వ మంచం పట్టి ఏడాదైంది. నెల రోజుల నుంచి ఆమె ఒంటరిగా ఎప్పుడో చచ్చినవాళ్ల పేర్లు తీస్తూ గొణుగుతోందనీ, ఈ చప్పుళ్లకు నిద్రలేక మతి పోతోందనీ అతని బెంగ. సాయంత్రం లెక్క తక్కువ వస్తే తాను ఊరుకోనని ముందే చెప్పాడు.

"నీ మీద కోపం లేదన్నా. ఈ ముప్పై మందికి ఇల్లు లేదంటే నమ్మాలె గని, లేదని ఎట్ల తెలుస్తది? ఇల్లున్నోనికి గుర్తుంటది. లేనోనికి ఏం గుర్తుంటది?"

 అడిగింది సబబుగానే ఉందనిపించింది ఆగయ్యకు.

ఐదు అయింది. బుచ్చన్న రాలేదు. ఐదున్నర అయింది. పోశవ్వ వచ్చింది, మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు వచ్చి బిళ్ళలు తీసుకున్నారు. ఆరుకల్లా బోర్డు మీద రెండే బిళ్ళలు, సంపత్‌ది, బుచ్చన్నది. చలికి డేరాల్లోంచి దగ్గులు మొదలయ్యాయి. ఇవాళ ఎవరూ గట్టిగా దగ్గడం లేదు. అందరూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటున్నారు. అది చూసి ఆగయ్య గేటు దాకా వెళ్లి రోడ్డు వైపు చూసి వచ్చాడు. శివరాత్రి ఇంకా రెండు నెలలు. ఈ చలిలో పోశవ్వ బస్టాండు మెట్ల మీద పడుకుంటే బతకదు.

ఆరుంబావుకు సంధ్యారాణి స్కూటీ వచ్చింది. ముప్పై ఐదేళ్ల మనిషి, చలికి చెవుల చుట్టూ చున్నీ కట్టుకుంది. కమిటీ పని చూసుకుని జగదీశ్వర్ కూడా వచ్చాడు. ఆగయ్య వాళ్లకు కుర్చీలు వేసి, నీళ్లిచ్చి, రిజిస్టరు తెచ్చి ఇచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది. తిరిగి చూస్తే బోర్డు ఖాళీ. ముప్పై మేకులూ బోసిగా మెరుస్తున్నాయి.

సంధ్యారాణి లేచి బోర్డు దగ్గరికి వచ్చి మెచ్చుకోలుగా చూసింది. ఈ పద్ధతి గురించి ఆఫీసులో విన్నానంది. కలం మూత తీసింది. జగదీశ్వర్ ముఖం కొంచెం వాడిపోయింది, కానీ మాట మీద నిలబడే మనిషి, సంతకానికి కలం తీశాడు.

 బుచ్చన్న వచ్చేశాడన్నమాట అనుకున్నాడు ఆగయ్య. కళ్లతో చూస్తే తృప్తిగా ఉంటుందని నాలుగో డేరాలోకి తొంగిచూశాడు. పంతొమ్మిదో పడక మీద దుప్పటి పొద్దున మడత పెట్టిన మడతలోనే ఉంది. పక్కన సంపత్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. వాడి పిడికిట్లో రెండు బిళ్ళలున్నాయి.

"తాత వస్తడు కాకా, యాడికి పోతడు. గేటు కాడికి వచ్చే ఉంటడు. అడుగకు, మేడంను రాయనియ్యి," అన్నాడు సంపత్ గుసగుసగా.

 అదే మాట. ఇరవై ఆరేళ్ల కిందట కిటికీ అవతలి నుంచి విన్నది కూడా ఇంచుమించు అదే మాట. వస్తాడు, యాడికి పోతాడు. వాడు మోసం చేయలేదు, ఆనాటివాడూ చేయలేదు. మంచితనంతోనే చేశారు. ఇప్పుడు నోరు మూసుకుంటే ముప్పై మంది శివరాత్రి దాకా వెచ్చగా పడుకుంటారు. నోరు తెరిస్తే రేపు ముప్పై మందీ రోడ్డు మీద ఉంటారు. డెబ్బై ఏళ్ల మనిషి, రోజూ ఐదింటికి వచ్చేవాడు ఇవాళ రాలేదు. లెక్క చూసుకోవాలా, మనిషిని చూసుకోవాలా? ఆగయ్య జీవితంలో పెద్ద నిర్ణయాలు తీసుకున్న మనిషి కాడు. పెళ్లి వాళ్ల నాయన కుదిర్చాడు, ఉద్యోగం మేనమామ పెట్టించాడు, ఇంటి స్థలం అనసూర్య చూసింది. డేరా గుమ్మంలో అట్లా ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

బయటికొచ్చి సంధ్యారాణి ముందు నిలబడ్డాడు.

"రాయకుండ్రి మేడం. ఒక మనిషి రాలేదు. పంతొమ్మిది. బిళ్ళ వేరేటోళ్లు తీసిండ్రు."

జగదీశ్వర్ కుర్చీలోంచి లేచాడు. చూసిండ్రా మేడం అన్నాడు. డేరాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. ఆగయ్య ఇంకో మాట చెప్పాల్సి ఉంది. అది మొదటిదానికన్నా కష్టంగా ఉంది. పొద్దున పదింటికి బుచ్చన్నను వెనక సందులో చూశాననీ, షరతు తప్పాడని తెలిసీ ఊరుకున్నాననీ, శిక్ష ఏదైనా తనకు వెయ్యమనీ, ముందు మాత్రం మనిషిని వెతకాలనీ చెప్పాడు. చెబుతూనే టార్చి తీసుకుని గేటు దాటాడు. వాళ్లు వెంట వస్తున్నారో లేదో కూడా చూడలేదు.

వచ్చారు. సందులో అప్పటికే మసక చీకటి. దండేల మీద బట్టలన్నీ తీసేశారు. ఆగయ్య ఒక్కో ఇంటి వెనక మెట్టు మీదా టార్చి వేసుకుంటూ నడిచాడు. ఒక మెట్టు మీద టైరు చెప్పులు కనిపించాయి. అరిగి, ఒకదాని పక్కన ఒకటి పొందికగా పెట్టి ఉన్నాయి.

"ఇది మా ఇల్లు," అన్నాడు జగదీశ్వర్.

తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాడు. వెనక వరండాలో లైటు వెలుగుతోంది. నులక మంచం మీద సారవ్వ పక్కకు తిరిగి పడుకుని ఉంది, చెంప కింద చెయ్యి, కళ్లు సగం మూసి. మంచానికి ఆనుకుని నేల మీద బుచ్చన్న కూర్చున్నాడు. వీళ్లను చూసి లేవలేదు. చప్పుడు చేయొద్దన్నట్టు వేలు ఎత్తాడు.

"జర ఆగుండ్రి. ఆలోచిస్తున్నది," అన్నాడు.

 అంతలో ముందు గదిలోంచి జగదీశ్వర్ భార్య యమున వచ్చింది. నాలుగు కాకముందే బజారుకు పోయి, పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకుని అప్పుడే ఇంట్లో అడుగు పెట్టింది. వరండాలో ఇంతమందిని చూసి బెదిరిపోయి, అడగకముందే చెప్పేసింది. నెల కిందట అత్తమ్మ బొంత ఉతికి వెనక దండెం మీద వేసిందట. ఎప్పటిదో పాత బొంత, పై పొర చిరిగి లోపలి గుడ్డ బయటపడిందట. ఈ ముసలాయన సందులో పోతూ ఆగి, దాని మూల పట్టుకుని వదలడం లేదట. దొంగ అనుకుని గద్దించిందట. ఆయన మూలలో ఉన్న నల్ల గుర్తు చూపించి, ఇది నేను పెట్టిందే అన్నాడట. లోపల మంచం మీంచి అత్తమ్మ ఆ గొంతు విని, ఎవరది, బుచ్చన్ననా అని పిలిచిందట. ఏడాదిగా మనవల పేర్లే గుర్తులేని మనిషి.

సారవ్వది ఇప్పలచెల్క అనే ఊరు. ఆ పేరు జగదీశ్వర్ విన్నాడు, చూడలేదు. ముప్పై ఏడేళ్ల కిందట ఆ ఊరి కింద బొగ్గు ఉందని తెలిసి ఊరిని తవ్వేసినప్పుడు అతను చంకలో బిడ్డ. భూమి పోయినందుకు అతని నాయనకు ఉద్యోగం వచ్చింది, క్వార్టరు వచ్చింది. నాయన పోయాక ఆ ఉద్యోగం అతనికి వచ్చింది. బుచ్చన్న అదే ఊరి చాకలి. గుంట భూమి లేదు, అందుకని ఉద్యోగం రాలేదు. ఊరు చెదిరిపోయాక ఉతకడానికి బట్టలు కూడా లేకపోయాయి. నల్లజీడి గింజ రసంతో ఇంటికొక గుర్తు చొప్పున ఊరందరి బట్టల మూలలకూ పెట్టినవాడు ఆయన. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రసం పోదు. ఊరు ఉన్న చోట ఇప్పుడు మూడు వందల అడుగుల లోతు గొయ్యి ఉంది. బుచ్చన్నా సారవ్వా నెల రోజులుగా ఆ గోతిని నింపుకుంటూ కూర్చున్నారు. రెండు చుక్కలు ఎవరివక్కా అని ఆయన అడిగేవాడు. ఆమె ఆ ఇంటివాళ్ల పేర్లన్నీ చెప్పేది. కత్తెర గుర్తు ఎవరిది అంటే, ఆ ఇంటి ఎద్దుల పేర్లతో సహా చెప్పేది. చెబుతూ చెబుతూ, నోట్లో పెట్టిన అన్నం మింగేది. అది చూసే యమున, డ్యూటీ, కమిటీ పనులు అయి ఐదు దాటాక గాని ఇల్లు చేరని మొగుడికి చెప్పకుండా ఊరుకుంది.

జగదీశ్వర్ మంచం దగ్గరికి వెళ్లాడు. వంగి తల్లి పాదం మీద చెయ్యి వేశాడు. పాదం చల్లబడి ఉంది, చెయ్యి తీయలేదు.

"అమ్మా," అన్నాడు. ఇంకోసారి అనలేదు.

యమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సంధ్యారాణి గోడ వైపు తిరిగింది. బుచ్చన్న మాత్రం కదలలేదు. ఆయనకు తెలుసో తెలియదో ఆగయ్యకు అర్థం కాలేదు. దగ్గరికి వెళ్లి పక్కన చతికిలబడి, ఏమడిగినవు కాకా అన్నాడు. నెల రోజులుగా ఆయన ఈ మనిషిని ఎన్నో అడగాలనుకున్నాడు. చివరికి నోటి నుంచి వచ్చింది ఇదొక్కటే.

"నాలుగింటికి అడిగిన. గుర్తు లేని ఇల్లు ఏదక్కా అని. ఆగు, ఎర్కే నాకు, ఆగు అన్నది. ఆగిన."

"ఏ ఇల్లది?"

"నాదే. ఊరందరి బట్టలకు గుర్తు పెట్టేటోడు తన బట్టకు పెట్టుకుంటడా?"

అప్పుడు బుచ్చన్న కళ్లలోంచి నీళ్లు దిగాయి. ఆగయ్యకు ఏడుపొచ్చింది. తెలుసుకోవాలని ఇన్నాళ్లు తహతహలాడింది తెలిసింది. కానీ తెలుసుకున్నాక ఎప్పుడూ కలిగే సంతోషం కలగలేదు. బాయిలోంచి చివరి మనిషి ఎక్కి వచ్చినప్పటి నిమ్మళం, దాని పక్కనే దుఃఖం, రెండూ కలిసి వచ్చాయి.

సంధ్యారాణి మెల్లగా వెళ్లిపోబోయింది. రేపెప్పుడైనా వస్తానని ఆగయ్యకు సైగ చేసింది. తల్లి కాళ్ల దగ్గర కూర్చున్న జగదీశ్వర్ తల ఎత్తాడు.

"మేడం, ముప్పై అని రాయుండ్రి. ఆయన యాడికీ పోలేదు. మా ఇంట్లనే ఉన్నడు."

ఆమె నిలబడే రాసింది. అతను కళ్లు తుడుచుకుని, గోడకు ఆనించి సంతకం పెట్టాడు.

తర్వాత చేయాల్సినవి ఎవరూ చెప్పకుండానే మొదలయ్యాయి. పక్కింటివాళ్లు వచ్చారు. సారవ్వను మంచం మీంచి దింపి ముందు గదిలో నేల మీద పడుకోబెట్టారు. బెల్లంపల్లిలో ఉన్న కూతురికి ఫోన్ చేశారు. ఆమె కింద పరిచిన బొంతను యమున మడవబోయింది. బుచ్చన్న లేచి చేతులు చాచాడు. చనిపోయిన మనిషి పడుకున్న గుడ్డ ఊరి చాకలిదే. ఉతకడమూ ఆయనదే. ఊరు లేకపోయినా ఆ వరండాలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. యమున సబ్బు తెచ్చి ఇస్తే వద్దన్నాడు. తొట్టి పక్కన బండ మీద ఉత్త నీళ్లతో, నడుము వంచి, నెమ్మదిగా, పగిలిన ఆ లావు వేళ్లతో ఉతికాడు. ఆగయ్య పక్కన నిలబడి టార్చి పట్టాడు. అంత చలిలోనూ ముసలాయన చేతులు తడబడలేదు. ఒక కొస ఆగయ్యకిచ్చి, ఇద్దరూ చెరోవైపు పిండారు. దండెం మీద వేసి, అంచుకు అంచు సరిచేసి, అరచేత్తో ముడతలు తీశాడు.

తీసుకపోవా కాకా అని ఆగయ్య అడిగాడు. పొద్దున దాకా ఆరదన్నాడు బుచ్చన్న. చెప్పులు వేసుకుని శిబిరం వైపు నడిచాడు. ఆగయ్య వెనక్కి తిరిగి ఒకసారి టార్చి వేసి చూశాడు. దండెం మీద బొంత నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. దాని కింది మూలలో సారవ్వ ఇంటి గుర్తు, మూడు చుక్కలూ ఒక అడ్డగీతా, నిన్న పెట్టినంత నల్లగా ఉంది.